గుట్టు కచేరి

వరంగల్ బజారులో బియ్యం దుకాణాల వెనుక సందు. అద్దె ఇంట్లో చర్మపు మచ్చల పరిశోధన కచేరి. వరండాలో బల్లల మీద కబురు కోసం వచ్చిన జనం. లోపల గుమాస్తా పాండురంగం, ఆయన ఎదుట కొడుకును చంకన వేసుకొని నిలబడ్డ అనసూయ.

"అది కాదు పంతులూ. నాకున్న భయం ఒక్కటే. నా కొడుకును ఇంట్ల ఎవలు ముట్టుకోకుండ అయితరని. ఇంకేమొచ్చినా ఓర్సుకుంట గని, అదొక్కటి నాతోని కాదు."

"మెల్లగ, అనసూయమ్మా. వరండల జనం ఉన్నరు."

"మెల్లగనే అంటాన."

"ఇంకా మెల్లగ. ఇది గుట్టు కచేరి. ఇక్కడి మాట గడప దాటితే నా నౌకరి పోతది. ఏమయ్యా ఉప్పలయ్యా, ఆ బల్ల జర అటు జరుపుకో. చెవులు ఇటు పెట్టకు. ఈమె రాజేశ్వర్ రావు సేట్ కోడలు, గుట్టు మాట చెప్పుకోను వచ్చింది."

"ఇగ మా ఇంటికి తొవ్వ సుత చెప్పరాదు పంతులూ?"

"పేరు చెప్పిన గని రోగం చెప్పిన్నా? అదే మా కాయిదా, పద్ధతి. పేరు ఒక తాన, రోగం ఒక తాన. రెండూ కలువొద్దు. ఇగ చెప్పు, ఏం రోగం?"

"రోగం అనకు. మచ్చ. వీపు మీద, ఎడమ దిక్కు. అణా బిళ్లంత గూడ లేదు. తెల్లగ, పొడిపొడిగ. మీ చిన్న డాక్టర్ దాని మీద సూదితోని పొడిస్తే వీడు ఏడువనే లేదు. పక్కకు పొడిస్తే ఏడ్సిండు. అప్పటి సంది నాకు నిద్ర లేదు."

"సందంత తిరిగి చూసిన నాటి ముచ్చట గదా ఇది."

"ఆ నాడే. అందరిని దుకాణాల ముందట చూసిండు. వీన్ని మాత్రం నేను దొడ్డి తలుపు కాడ చూపిచ్చిన, మా అత్తకు తెల్వకుండ. ఇంత చర్మం గీకి గాజు ముక్క మీద రాసుకొని పోయిండు. గుట్టుగ ఉంచుతమన్నడు. అమ్మ మీద ఒట్టు పెట్టుకున్నడు."

"ఎవల అమ్మ మీద?"

"ఆయన అమ్మ మీదనే."

"మరి ఇంకేంది. ఉంచినం గదా."

"ఉంచలేదు. మా మామకు తెలిసింది."

"సేట్‌కా? ఎట్ల చెప్తవు?"

"ఎట్ల చెప్తనా? మా మామ పొద్దుగాల లేసి వీన్ని భుజం మీద ఏసుకోకుంట చాయ ముట్టేటోడు కాదు. దుకాణంల వీన్ని పక్కన కూసోవెట్టుకొని బియ్యం బేరం చేసేటోడు. 'మా గోపాల్ సేట్‌ను అడుగుండ్రి, ఆయన ఎంతంటే అంత' అని గిరాకీతోని పరాచికాలు ఆడేటోడు. ఇప్పుడు వీడు ఉరికొస్తే ఆయన ఎనుకకు జరుగుతాండు. తువ్వాల అడ్డం పెట్టుకుంటాండు."

"వయసు మీద పడ్డది గదమ్మా. నడుం నొప్పి కావొచ్చు."

"నడుం నొప్పి ఉన్నోడు పరుపు నెత్తిన పెట్టుకొని మడికొండ దాంక నడుస్తడా?"

"మడికొండకా? ఎందుకు?"

"మా గోదాం ఉన్నది గదా అక్కడ. పరుపు, చెంబు, ఒక పళ్లెం పట్టుకొని పోయిండు. ఒక్కడే ఉంటాండు. అన్నం గిన్నె పంపితే తలుపు కాడ పెట్టి పొమ్మంటాండు. తిన్న గిన్నె ఆయనే తోముతాండట. ఎన్నడన్న గిన్నె తోమిన మనిషా? మా అత్త నన్నే అంటాంది, 'నువ్వేం మాటన్నవే ఆయన్ను' అని. నేనేమన్న? ఏమనలె. ఎందుకు పోయిండో నాకొక్కదానికే ఎరుక. వీని మచ్చ సంగతి తెలిసింది. ఈ పిల్లగాడున్న ఇంట్ల ఉండొద్దని పోయిండు."

"మీ ఇంటాయన ఏమంటాండు?"

"ఆయన పరకాలకు వడ్లు కొనను పోయిండు. రేపో ఎల్లుండో వస్తడు. ఆయనకు సుత తెలిసి, ఆయన సుత ఎనుకకు జరిగితే... అందుకే వచ్చిన. నాకు రెండు ముచ్చట్లు కావాలె. మా మామకు ఎవలు చెప్పిండ్రు? వీనిది ఏం తేలింది?"

"రెండూ చెప్పరాదు."

"ఒక్కటన్న చెప్పు."

"మొదటిదానికి, ఎవలు చెప్పలె. చెప్పెటందుకు సందే లేదు, మా కట్టుదిట్టం అట్లాంటిది. రెండోదానికి, నాకు హుకుం లేదు."

"నా కొడుకు వీపు పంతులూ అది."

"అందుకే. సంబంధం ఉన్నోళ్లకు ఇయ్యొద్దని రాసి ఉన్నది. సంబంధం ఉన్నోళ్లు ఆత్రపడ్తరు. ఆత్రపడి నలుగురికి చెప్పుకుంటరు."

"అంటే సంబంధం లేనోళ్లకు ఇస్తరా?"

"సంబంధం లేనోళ్లు అడుగరు గదా. అడిగినోళ్లకు ఇయ్యొద్దు, అడుగనోళ్లకు అవసరం లేదు. నీకిది సమజ్ కాదు. నీ చదువెంత?"

"లగ్గం దాంక. అయినా నాకిది సమజ్ అయితాంది. పోనీ, వీని కాగితం ఎవలెవలు చూసిండ్రో అదన్న చెప్పు."

"ఎవలు చూడలె."

"ఒక్కలు గూడ?"

"చిన్న డాక్టర్ చూసిండు, అంతే. ఆయన చూడకుంటే తహకీకాత్, అదే పరిశోధన, ఎట్ల అయితది?"

"ఆయన తర్వాత?"

"తర్వాత నేను. సాపు ప్రతి రాయాలె గదా. నేను చూసినా చూసినట్టు కాదమ్మా. రాసుకుంటనే మర్చిపోత."

"నీ తర్వాత?"

"నా తర్వాత ఎవలు లేరు. జహీరుద్దీన్ సాబ్ ఉన్నడనుకో. సర్కారుకు ఉర్దూల పోవాలె గదా, ఆయన తర్జుమా చేస్తడు. చాన పెద్దమనిషి. నోట్ల మాట నోట్లనే ఉంటది."

"ఆయనకు తెలుగు చదువ వస్తదా?"

"మాట్లాడుతడు గని చదువరాదు. నేను చదివి వినిపిస్త."

"మెల్లగనేనా?"

"మెల్లగ చదివితే ఆయనకు ఇనవడది. చెవులు జర తక్కువ."

"ఎక్కడ కూసోని చదువుతవు?"

"వరండల. లోపట చీకటి. లడాయి మొదలైన సంది గాసునూనె యాడ దొరుకుతాంది? అట్ల చూడకమ్మా. చదివినా ఏం కాదు. కాగితం మీద పేరుంటే గదా. పేర్లు లేవు."

"పేర్లు లేకుంటే ఏంది, నెంబర్లు ఉంటయి గదా. మా తలుపు మీద సున్నంతోని రాసిండ్రు."

"అది మొదట్ల. చిన్న డాక్టర్‌కు ఇల్లు దొరుకాలె, పేరేమో అడుగొద్దు. అందుకని మచ్చలున్న ఇండ్లకు నెంబర్ రాసినం."

"సందంత వచ్చి చూసిపోయిండ్రు. మా అత్త అయితే లెవీ వాళ్లు వడ్లు గుంజుకపోను గుర్తు పెట్టిండ్రని పేడ పూసి కడిగింది."

"అందరు కడిగిండ్రు. కడిగిన ఇంటికే మచ్చ ఉన్నదని మళ్ల జనానికి తెలిసింది. అందుకే నేను నెంబర్లు సుత తీసేసిన. ఇది నా సొంత ఆలోచన. ఇప్పుడు కాగితం మీద ఏముంటది? చెయ్యా, కాలా, వీపా. మచ్చ ఎట్లున్నది. రోగం ఎంత దాంక వచ్చింది. ఒక కాగితానికి ఒక మచ్చ. దేవుడు చదివినా ఎవలదో చెప్పలేడు."

"ఎవలదో తెల్వకుంటే మందు ఎవలకిస్తరు?"

"నేను పెద్ద డాక్టర్‌కు పంపే వరుసే గుర్తు. మొదటి లకోట మొదటి ఇల్లు, రెండో లకోట రెండో ఇల్లు. అది ఆయనకు ఎరుక. మందు ముచ్చట ఆయన చూసుకుంటడు. మాది గుట్టు వరకే."

"పంతులూ, నేను ఉప్పలయ్యను గని, ఆ ముంజెయ్యి మచ్చ నాదేనా? మొన్నొకనాడు జహీరుద్దీన్ సాబ్‌కు నువ్వు చదువంగ విన్న. అప్పుడే అడుగుదామనుకున్న."

"ఉప్పలయ్యా, నీకేం చెప్పిన? చెవులు ఇటు పెట్టకన్న గదా. అది ఎవలదీ కాదు. ఎవలదో అయితే అది గుట్టు ఎట్లయితది? కూసో. చూసినవా అనసూయమ్మా, ఆత్రం అంటే ఇదే."

"ఆయన ముంజేతికి మచ్చ ఉన్నది, మందు లేదు. ఆత్రం కాక ఏముంటది? పంతులూ, ఆ పెద్ద డాక్టర్‌ను నేను కలుస్త. ఎప్పుడొస్తడు ఇక్కడికి?"

"రాడు. ఆయన వస్తే పెద్దరోగం డాక్టర్ వచ్చిండని బజారంత తెలుస్తది. హనుమకొండ బంగ్లల ఉంటడు. బంగ్ల మీద పేరు పలక సుత తీయించిండు. ఇక్కడ ఆయన పేరు ఎవలు నోటితోని అనొద్దు, జవానుకు గూడ చెప్పొద్దని హుకుం."

"మా మామకు ఆయననే చెప్పిండేమో."

"ఆయన నాకే చెప్పడు."

"వీని సంగతి ఏమన్న రాసి పంపిండా?"

"ఏదో పంపిండు. లకోటలు వచ్చినయి, ఒకదాని మీద ఒకటి. అగో, ఆ అల్మారల ఉన్నయి."

"ఏం రాసిండు?"

"నాకెట్ల తెలుస్తది? వాటి మీద సీగా-ఎ-రాజ్ అని ఉన్నది."

"అంటే?"

"ఉర్దూల రాజ్ అంటే గుట్టు. సర్కారు కాగితం మీద అట్ల రాస్తే, హక్కున్నోడు తప్ప ఇంకొకడు విప్పొద్దని."

"హక్కు ఎవలది?"

"పెద్ద డాక్టర్‌ది."

"పంపింది ఆయనే గదా."

"ఆయనే వచ్చి విప్పుకోవాలె."

"ఆయన రాడంటివి."

"రాడు."

"నా కొడుకు మందు అందుల ఉంటే?"

"భద్రంగ ఉంటది. ఫికర్ చేయకు. తాళం ఏసి ఉన్నది."

"చాబీ నీ కాడనే ఉన్నది గదా. జర విప్పు పంతులూ, నీ కాళ్లు మొక్కుత. నీకు మనుమలు లేరా?"

"చాబీ నా కాడ ఎట్లుంటది? చదువ వచ్చినోని కాడ చాబీ ఉంటే అది తాళమేనా? చదువు రానోని కాడ ఉండాలె. కొమురెల్లి మొలతాడుకు ఉన్నది. కాగితాలు పట్టుకపోయి ఇచ్చేది సుత వాడే. కొత్త జవాను. నోరు రాయి. కావాలంటే నువ్వే చూడు. కొమురెల్లీ, జర లోపటికి రా."

"వస్తాన మున్షీ సాబ్, నీళ్లు తోడుతాన. ఆ, చెప్పుండ్రి. ఓ, రాజ్ సేట్ కోడలమ్మనా? దండాలమ్మా. చిన్న సేట్ మంచిగున్నడా?"

"నన్ను నువ్వెట్ల గుర్తువడ్తివి కొమురెల్లీ?"

"సేట్ తానికి వస్తపోత ఉంట గదమ్మా. మొదలు మీ దుకాణానికి వచ్చేటోన్ని. ఇప్పుడు మడికొండ గోదాముకు పోతాన."

"ఎందుకు పోతానవు?"

"అది చెప్పొద్దమ్మా."

"చూసినవా అనసూయమ్మా, నోరు రాయి అన్న గదా. కొమురెల్లీ, సేట్ తాన నీకేం పని? నాకు చెప్పు."

"మీకు సుత చెప్పొద్దు సాబ్."

"నేనే గదరా నిన్ను పనిల పెట్టుకున్నది."

"మీరే గదా సాబ్ చెప్పొద్దన్నది. 'నేను అడిగినా చెప్పకు, అది పరీక్ష అనుకో' అన్నరు."

"ఇది పరీక్ష కాదు."

"పరీక్ష పెట్టేటోళ్లు అట్లనే అంటరు సాబ్."

"కొమురెల్లీ, నేను అడుగుతాన. నా ముఖం చూడు. నీకు పిల్లలున్నరా?"

"ఇద్దరు ఆడివిల్లలమ్మా."

"వాళ్లను తాత ఎత్తుకోకుంటే నీకెట్లుంటది? మా మామ వీన్ని ఎత్తుకుంటలేడు. నువ్వు గోదాముకు ఏం పట్టుకపోతానవు?"

"లకోటలమ్మా. ఈ కచేరివే."

"ఏం లకోటలురా? ఈ కచేరి లకోటలు సేట్ తానికి ఎందుకు పోతయి? నేను ఇచ్చినయి, నేను చెప్పిన ఆయనకే గదా ఇస్తానవు?"

"మీరు చెప్పిన ఆయనకే ఇస్తాన సాబ్. ఒక్కటి తప్పలె."

"నేను ఎవలకని చెప్పిన?"

"మొదటి నాడు అడిగిన గదా, 'ఇది ఎవలకు సాబ్' అని. మీరు అటిటు చూసి, మెల్లగ, 'రాజ్' అన్నరు. 'నీకు తెలుసు గదా, రాజ్, నోరు మూసుకొని ఇచ్చి రా' అన్నరు. బజార్ల రాజ్ సేట్ తెల్వనోడు ఎవలున్నరు సాబ్?"

"రాజ్ అంటే..."

"రాజేశ్వర్ రావు సేట్. బస్తాలు మోసేటోళ్లం, బండ్లోళ్లం అందరం రాజ్ సేట్ అనే అంటం."

"రాజ్ అంటే గుట్టురా. ఉర్దూల గుట్టు అని."

"నాకు ఉర్దూ రాదు గదా సాబ్. అందుకే చాబీ నా కాడ పెట్టిండ్రు."

"పంతులూ, నువ్వు జర ఆగు. కొమురెల్లీ, ఎన్ని లకోటలు ఇచ్చినవు?"

"అన్నీ ఇచ్చిన అమ్మా. ఒక్కటి సుత పోగొట్టలె."

"రసీదు తేలేదారా? దేనికన్న దస్తఖత్ పెట్టిచ్చుకోలేదా?"

"మీరే వద్దన్నరు సాబ్. రసీదు ఉంటే గుట్టు ఎట్లయితది అన్నరు."

"మా మామ వాటిని విప్పిండా?"

"నా ముందటనే విప్పిండమ్మా. సేట్‌కు ఉర్దూ మంచిగ వస్తది గదా. మొదటిది గల్ల కాడ కూసోని చదివిండు. చదివి, అంగి పైకి జరుపుకొని కుడి ముంజెయ్యి చూసుకున్నడు. తిప్పి తిప్పి చూసుకున్నడు. ఇంకెవలకన్న ఎరుకనా అని అడిగిండు. లేదు సేట్, చాన గుట్టు అన్న. మా ఇంట్లోళ్లకు తెల్వనియ్యకు అన్నడు."

"తర్వాతది?"

"తర్వాత దానికి ఎడమ కాలు చూసుకున్నడు. ఇంకొక దానికి చెవి పట్టి చూసుకున్నడు. ఆ తర్వాతనే గోదాముకు మకాం మార్చిండు. అక్కడికి ఒకటి తీసుకపోతే, అది చదివి, కొమురెల్లీ నా వీపు జర చూడు, నాకు కనవడది అన్నడు. అంగి లేపి ఎనుకకు తిరిగిండు."

"వీపా?"

"ఎడమ దిక్కు చూడుమన్నడు."

"ఏం చెప్పినవు?"

"నాకేం తెలుస్తది అమ్మా. సేట్ బస్తాలు మోసిన కాలం నాటి అచ్చులున్నయి. ఏదో ఉన్నట్టే ఉన్నది సేట్ అన్న. తప్పయిందా?"

"పంతులూ."

"నేను చెప్పే హుకుం..."

"హుకుం అడుగుత లేను. ఆ కాగితాల మీద పేరు లేదు. నెంబర్ లేదు. ఈ కచేరి ముద్ర ఉన్నది. రాజ్ సేట్‌వే అని ఇచ్చి పోతాండు. మా మామ ఏమనుకుంటడు? అవన్నీ తన ఒంటివే అనుకోడా?"

"అట్లెట్ల అనుకుంటడు? ఒంటి మీద మచ్చ లేనోడు..."

"మీ చిన్న డాక్టర్ ఆ నాడు సందుల అందరికి ఏం చెప్పిండు? మీకు కనవడక ముందే మా సూదికి తెలుస్తది అన్నడు గదా. జనం జంకుతాండ్రని మా మామనే మొదలు అంగి విప్పి నిలవడ్డడు. ఆయన చర్మం సుత గీకుకొని పోయిండ్రు. ఇంటికి కాగితం వస్తదనే ఉన్నడు. కాగితం వచ్చింది. ముంజెయ్యి అని ఉప్పలయ్యది వచ్చింది. కాలు ఎవలదో వచ్చింది. వీపు అని వీనిది వచ్చింది. ఈ సందు మచ్చలన్నీ ఆయన తన ఒంటి మీద రాసుకున్నడు పంతులూ."

"జర మెల్లగ..."

"వీన్ని చూసి జరుగుతలేడు. తన నుంచి వీనికి అంటుతదని జరుగుతాండు. గిన్నె అందుకే తోముకుంటాండు. నేనేమో ఇన్నాళ్లు ఆయన్ను... మా అత్త ముందట నోరు తెరువక పోయినా, లోపట ఎంత తిట్టుకున్ననో."

"ఇది నా తప్పు కాదు, ముందుగాల అది సమజ్ చేసుకో. హక్కు లేకుంట సర్కారు కాగితం చదివింది ఎవలు? సేట్. కేసు పెడితే ఆయన మీదనే అయితది."

"ఆయనకు అసలు ఉన్నదా లేదా?"

"సేట్‌ది నాకు యాదికున్నది. ఏం లేదు. లేనోళ్లకు మేం కాగితమే రాయం. లడాయిల కాగితం ఎంత కరువు ఉన్నది."

"లేనోళ్లకు రాయరా?"

"రాయం."

"మరి వీపు అని రాసినవు గదా."

"వీపు అందరికి ఉంటదమ్మా."

"ఎడమ దిక్కు అని రాసినవు గదా పంతులూ."

"నేనేం చెప్పలేదమ్మా. నీ అంతట నువ్వే తెలుసుకున్నవు. రేపు ఎవలన్న అడిగితే అది యాది పెట్టుకో."

"ఉన్నదా వీనికి?"

"చిన్నది. మొదట్లనే దొరికింది. నూనె సూదులు ఏయించుకుంటే మానుతదని చిన్న డాక్టర్ కింద రాసిండు. నేను చూసి మర్చిపోయిన గని, అట్ల రాసిండు."

"మానుతదని రాసిండా? నిజమేనా?"

"రాసిండు. మీ మామ చదివే ఉంటడు."

"మరి పెద్ద డాక్టర్‌కు ఏం ముట్టలేదు అన్నట్టే గదా. ఆయన పంపే లకోటల ఏముంటది? కాగితాలు ఎందుకు పంపుతలేరని అడిగి ఉంటడు."

"అట్లనా? మంచిగ చేస్తానవని నాకు రాస్తాండనుకున్న."

"సాబ్, ఇంకొకటి చెప్పాలె. ఇది సుత చెప్పొద్దన్నరు గని, కోడలమ్మ ఏడుస్తాంది కాబట్టి చెప్తాన. నిన్న పొద్దున ఇచ్చింది ఉన్నది గదా, అది చదివినంక సేట్ అద్దం అడిగిండు. గోదాముల అద్దం యాడ ఉంటది? చెంబుల నీళ్లు పోసుకొని ముఖం చూసుకున్నడు. చాన సేపు చూసుకున్నడు."

"పంతులూ, నిన్నటి దానిల ఏమున్నది?"

"నిన్నటిదా? అది వేరే వీధి మనిషిది. ముఖం మీద. ముదిరింది. మనుషులల్ల ఉంచరాదు, ఊరి నుంచి తీసుకపోవాలె అని."

"ఆయన ఏమన్నడు కొమురెల్లీ?"

"నాకు దండం పెట్టిండమ్మా. సేట్ నాకు దండం పెట్టిండు. 'నా గుట్టు కాపాడినవు, ఇగ రాకు' అన్నడు. 'మా కోడలు పిల్లగాన్ని ఎత్తుకొని వస్తే తలుపు తీయను, వాని ముఖం చూస్తే నాకు పోబుద్ధి కాదు' అన్నడు. లోపటి నుంచి గడియ పెట్టుకున్నడు."

"ఎటు పోతడట?"

"అది చెప్పలేదమ్మా."

"ఇయ్యాల పొద్దుగాల పంపిన అన్నం గిన్నె మూత తీయకుండ వాపస్ వచ్చింది. నా మీద కోపం అనుకున్న. కొమురెల్లీ, ఉరుకు. ఆయనకు చెప్పు."

"కొమురెల్లి ఎటూ పోడు. చాబీ వాని మొలకున్నది. చాబీ కచేరి దాటొద్దు."

"చాబీ ఇక్కడ పెట్టి పొమ్మను."

"నేను చదువ వచ్చినోన్ని గదమ్మా. నా కాడ ఎట్ల పెడ్తడు?"

"అయితే నువ్వు రాయి. ఆ కాగితాలు మీవి కావని రెండు ముక్కలు రాసియ్యి."

"రాస్త. రాసుడు కష్టం కాదు. కాని అది సుత సీగా-ఎ-రాజ్ అయితది. దాన్ని విప్పే హక్కు సేట్‌కు లేదు. ఇంతకు ముందు విప్పినవే నేరం, మళ్ల ఒకటి నేనే విప్పిచ్చిన్నంటే..."

"నోటితోని చెప్పి పంపు."

"ఏమని? రోగం లేదనా? లేదనేది సుత తహకీకాతుల తేలిన సంగతే గదా. ఉన్నదని చెప్పొద్దు, లేదని చెప్పొద్దు. ఎటు పోతానవు? అనసూయమ్మా, వరండల దిక్కు పోకు. ఇది బయట పడితే ముందుగాల మునిగేది నీ కొడుకే. జర ఆలోచన చెయ్యి. గుట్టు అంతా వాని కోసమే గదా."

"ఉప్పలయ్యన్నా, బక్కమ్మక్కా, అందరు ఇటు వినుండ్రి. మీల ఎవలకన్న సైకిల్ ఉంటే, మడికొండ దిక్కు పోయే బండి ఉంటే, నాకన్న ముందు పోయి మా మామ గోదాం తలుపు కొట్టుండ్రి. వీన్ని ఎత్తుకొని నేను నడిసి వస్తాన గని నాకు ఆలస్యం అయితది. రాజేశ్వర్ రావు సేట్ అని పిలువుండ్రి. పలుకకుంటే తలుపు పగులగొట్టుండ్రి. ఆయన ఒంటి మీద ఏం లేదని చెప్పుండ్రి. వీపు మీది మచ్చ ఆయనది కాదు, ఆయన మనుమనిది, నా కొడుకు గోపాల్‌ది అని చెప్పుండ్రి. నేనే చెప్పుమన్నని చెప్పుండ్రి. జర ఎవలన్న పోయి ఆయన్ను చూసి రాండ్రి."